పొలి తిరిగిన దారి

ఏటిమర్పల్లిలో పనేమీ లేకుండా పరిగెత్తే మనిషి గ్లోరీ ఒక్కతే. మిగతావాళ్ళు పరిగెత్తితే ముందు ఒక మేకో, కదిలిపోతున్న బస్సో, మోటారుకు అప్పుడే వచ్చిన కరెంటో ఉంటుంది. గ్లోరీ ముందు మంజీర ఒడ్డు తప్ప ఏమీ ఉండదు. తెల్లవారుతుండగా వాడలోని ఇంటి తడిక జరిపి, జహీరాబాద్ సంతలో కొన్న బూట్ల తాళ్ళు బిగించి, రేవు దాకా నడిచి అక్కడి నుంచి అందుకుంటుంది. మొదట్లో చెరకు నరికేవాళ్ళు కొడవళ్ళు ఆపి చూసేవారు. ఎవరు తరుముతున్నారే అని అడిగేవారు. ఆడపిల్ల ప్యాంటు వేసుకొని ఉరకడం ఏమిటని ఒకరిద్దరు తల్లి నారమ్మతో అన్నారు కూడా. ఇప్పుడు అల్లం మళ్ళలో గడ్డలు తవ్వే ఆడవాళ్ళు తలైనా ఎత్తరు.

అక్కడి నేల చదును. రాయికోడ్ వైపు చూసినా న్యాల్‌కల్ వైపు చూసినా కంటికి అడ్డం వచ్చే గుట్ట లేదు. నల్లరేగడి, చెరకు, మధ్యమధ్య శనగ, ఒడ్డు వెంట మోటారు షెడ్లు. మాఘమాసంలో నది వెనక్కి తగ్గి, ఒండ్రు మీద పగుళ్ళు తేలతాయి. ఒడ్డు బాటన రెండు ఊళ్ళు దాటి, అవతలి ఊరి బడి గోడ తాకి వెనక్కి తిరగడం గ్లోరీ పద్ధతి. ఆ ఊళ్ళ కుక్కలు ఆమెను చూసి మొరగడం మానేశాయి. రేగడి బాట కాళ్ళను పట్టి లాగుతుంది. దాని మీద అలవాటైనవాళ్ళకు గట్టి నేల మీద ఒళ్ళు తేలిపోతుంది. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఉరికి ఉరికి తెలుసుకుంది.

కానిస్టేబులు ఉద్యోగానికి మొదటి రాతపరీక్ష గట్టెక్కింది. ఇక పరుగు పరీక్ష. అది సంగారెడ్డిలో, వచ్చే గురువారం పొద్దున. ఆ పూట అక్కడ నిలబడకపోతే అంతటితో సరి. మళ్ళీ నోటిఫికేషను ఎప్పుడు పడుతుందో వేసేవాళ్ళకే తెలియదు.

అదే గురువారం ఊళ్ళో బొడ్రాయి పండుగ పెట్టారు.

బొడ్రాయి అంటే ఊరి నడుమ పాతిన రాయి. చాలా ఏళ్ళకొకసారి ఆ రాయికి పండుగ చేసి ఊరిని కడతారు. కట్టడమంటే తాళ్ళతో కాదు. ఉడికించిన జొన్నల్లో పసుపు, బలిచ్చిన మేక నెత్తురు కలిపి గంపకెత్తుతారు. ఒక మనిషి ఆ గంపతో పొలిమేర పొడుగునా పరిగెత్తుతూ చల్లుకుంటూ పోతాడు. దాన్ని పొలి అంటారు. పొలి ఊరు చుట్టి వచ్చాక మర్నాడు సూర్యుడు పొడిచేదాకా లోపలి మనిషి బయటికి పోకూడదు, బయటి మనిషి లోపలికి రాకూడదు. ముందురోజే జారుకోవడానికీ లేదు. ఊరి మనిషన్నవాడు ఆ రోజు ఊళ్ళో ఉండాలి. పటాన్‌చెరులో పని చేసుకునేవాళ్ళు, బీదర్‌లో కాపురం ఉన్నవాళ్ళు కూడా వచ్చి దిగుతారు. ఒక్కరు తక్కువైనా కట్టు నిలవదట. కిందటిసారి ఒకడు లెక్కచేయక పోయాడు. తర్వాత ఊళ్ళో ఏ ఎద్దు చచ్చినా, ఏ పసిపిల్లకు జ్వరం తగిలినా జనం వాడి ఇంటి మీదికే పోయారు. చివరికి వాడు ఇంటి రేకులు విప్పుకొని జహీరాబాద్ చేరాడు. ఈ ముచ్చట ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు.

అందుకే సంగయ్య కూతుర్ని వెంటబెట్టుకొని ఇంద్రసేన పటేలు వాకిట్లోకి పోయి నిలబడ్డాడు.

వాకిట్లో అల్లం కడుగుతున్నారు. ఆడవాళ్ళు పైపు కింద గడ్డలు పోసి కాళ్ళతో తొక్కుతుంటే బురదనీళ్ళు కాలువగట్టి పోతున్నాయి. ఇంద్రసేన పటేలుకు ఏ పదవీ లేదు. పదవిలో ఉన్నవాళ్ళు ఆయన్ను అడిగి మాట్లాడతారు, అంతే. కోపధారి కాదు. అదే చిక్కు. కోపధారి అయితే తిరిగి ఒక మాట అనడానికి సందు దొరుకుతుంది. ఆయన ఇద్దరికీ చాయ్ పోయించాడు. కాగితపు కప్పులు వచ్చాక వాడవాళ్ళకు వేరే గ్లాసు పెట్టవలసిన ఇబ్బంది పెద్దమనుషులకు తప్పిపోయింది. తను మటుకు స్టీలు గ్లాసులో తాగాడు.

సంగయ్య చెప్పుకున్నాడు. పటేలు అంతా విన్నాడు. మన ఊరి ఆడపిల్ల పోలీసైతే ఊరికే పేరు అన్నాడు. తారీఖు మార్చమని అడగకపోయావా అన్నాడు. మార్చరని గ్లోరీ చెప్పింది. పటేలు గ్లాసు కింద పెట్టి, నిజంగానే బాధపడుతున్నవాడి లాగా అన్నాడు.

"బిడ్డా, నా ఇంట్ల పనైతే పొమ్మందును. ఇది ఊరి పని. ఒక్కరికి తొవ్వ ఇస్తే రేపు అందరడుగుతరు."

తర్వాత సంగయ్య వైపు తిరిగి, నీతో కూడా ఒక పని పడ్డదన్నాడు. పొలి గంప ఎత్తడం సంగయ్య ఇంటి వంతు. కిందటిసారి వాళ్ళ నాయన ఎత్తాడు. ఇప్పుడు ఆ ఇంట్లో మగమనిషి సంగయ్య ఒక్కడే. వేరేవాడు ఎత్తితే పొలి పారదు.

తాము ప్రభువును నమ్ముకున్నవాళ్ళమని, నెత్తురు గంప ముట్టమని సంగయ్య నసిగాడు. పటేలు నవ్వాడు, వెటకారం లేకుండానే.

"నమ్ముకో, ఎవరొద్దన్నరు? దేవుడు నీ ఇష్టం. కాళ్ళు మాత్రం మీ ఇంటియే గావాలె."

సంగయ్య కప్పులోకి చూస్తూ నిలబడ్డాడు. ఆ మనిషి బతుకులో ఎన్నడూ బేరం ఆడలేదు. కూలి ఎంత ఇస్తే అంత తీసుకున్నాడు. ఆ పూట మాత్రం, బిడ్డను పోనిస్తే గంప ఎత్తుతానన్నాడు. అల్లం తొక్కే ఆడవాళ్ళ కాళ్ళు ఒక్క క్షణం ఆగాయి. నలుగురితో మాట్లాడి చెబుతానన్నాడు పటేలు. ఔననలేదు, కాదనలేదు. తిరిగి వస్తున్నప్పుడు సంగయ్య హుషారుగా నడిచాడు. గ్లోరీకి మాత్రం తన కోసం నాయన ఏదో అమ్ముకున్నాడని అనిపించి, ఆయన ముఖం చూడలేకపోయింది.

ఆ సాయంత్రమే పాస్టరు ఇస్సాకు వచ్చి మంచం మీద కూర్చున్నాడు. నెత్తురు గంప ఎత్తినవాడికి చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లలో చోటుండదని మెల్లగా, బాధగానే చెప్పాడు. సంగయ్య తల వంచుకొని విన్నాడు. పొయ్యి దగ్గరి నుంచి నారమ్మ అడిగింది, గురువారం నాడు మీరొచ్చి నా బిడ్డను బస్సెక్కిస్తరా అని.  ఇస్సాకు అందరి కోసం ప్రార్థన చేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు తెల్లవారేసరికి సంగయ్య లుంగీ పైకి కట్టి, ఖాళీ గంప చంకన పెట్టుకొని కూతురి కంటే ముందే బయట నిలబడి ఉన్నాడు. పొలి రోజు మధ్యలో పడిపోతే ఊరి ముందు పరువు పోతుంది, అలవాటు చేయమన్నాడు. చెరకు మోపులు మోసి మోసి ఆయన కుడి మోకాలు ఎప్పుడో అరిగింది. గ్లోరీ ఆ రోజు అవతలి ఊళ్ళ దారి మానుకొని నాయనతో పొలిమేర పట్టింది. అడుగు చిన్నగా వేయమంది. మడమ మీద కాదు, పాదం నడుమ దిగమంది. నోరు మూసుకొని ఆయాసపడొద్దు, నోటితోనే గాలి పీల్చమంది. సంగయ్య బడిపిల్లాడి లాగా చెప్పినట్టల్లా చేశాడు. ఇద్దరూ పక్కపక్కన ఉరుకుతుంటే ఆమెకు చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

ఆయన ఆమెకు హద్దురాళ్ళు చూపించాడు. రేవు దగ్గర సున్నం పూసిన రాయి అందరికీ తెలిసిందే. దాని తర్వాతది చెరకులో కలిసిపోయింది, ఆకులు జరిపితే గానీ కనపడదు. ఆపైన ఒక రాయిని నది మింగింది. అక్కడ మోకాలి లోతు నీళ్ళలో దిగి పోవలసిందే. పక్క ఊరివాళ్ళ హద్దు తగిలే చోట పొలి నాడు వాళ్ళు కర్రలు పట్టుకొని కాపలా ఉంటారు, పొలి తమ నేల మీద పడితే తమ పంట పోతుందని భయం. గ్లోరీ ఇన్నాళ్ళూ ఆ చేల మీదుగానే ఉరికింది. ఎక్కడ నేల మెత్తన, ఎక్కడ మలుపు అన్నవే చూసింది తప్ప, ఏది ఎవరిదో ఎన్నడూ చూడలేదు.

చుట్టు చివరికి వాడ దగ్గరికి వచ్చేసరికి సంగయ్య తుమ్మచెట్టు కింద ఆగాడు. అక్కడ బాట చీలుతుంది. ఒకటి వాడ వెనకగా పోతుంది, ఒకటి వాడకూ ఊరికీ నడుమగా, సిమెంటు రోడ్డు పక్కనుంచి పోతుంది. ఆయన మోకాలు పట్టుకొని రొప్పుతూ చెప్పాడు.

"మా తాత ఇటు నుంచే తిరిగేటోడంట, నడుమకెల్లి. వాడ ఊరవతలనే ఉండె. మా నాయన ఎవల్నీ అడగలే. గంప నెత్తిన వెట్టుకొని వాడ ఎనుకకెల్లి తిరిగిండు. గంప ఎత్తినోణ్ణి పిలువొద్దు, ఆపొద్దు. వాని కాలు పడ్డ తావే పొలిమేర, మళ్ళ పొలి దాంక. గంప దించినంక కొట్టిన్రు. చెయ్యి ఇరిగింది. అయినా ఏం జేస్తరు? వాడ ఊర్ల పడె."

ఊరి నల్లా, కరెంటు స్తంభం, సిమెంటు రోడ్డు ఒక్కొక్కటే వాడలోకి వచ్చింది ఆ తర్వాతనే. తన తాత చెయ్యి వంకరగా ఉండేదని గ్లోరీకి గుర్తుంది. ఎద్దు తన్నిందని ఇంట్లో చెప్పేవారు. ఆమె రెండు బాటలనూ చూసింది. ఏ చుట్టు దగ్గర, ఏ చుట్టు దూరం అని చూడటం అప్పటికి ఆమె కళ్ళకు పట్టిన అలవాటు. నడుమ బాట దగ్గర.

"అయితే నాయనా, నువ్వు ఇటుకెల్లే తిరిగితే ఎట్ల? వాడ అవతల పడ్తది. మనం ఊరోళ్ళమే గాకపోతిమి. నన్నెవరాపుతరు?"

తమాషాకే అంది. అని నవ్వింది కూడా. సంగయ్య నవ్వలేదు. గంప మీద అంటిన ఒండ్రు గోటితో గీకాడు. పొద్దెక్కుతుంది పదమన్నాడు. మిగిలిన చుట్టు వాడ వెనకగా తిరిగి ఇల్లు చేరారు.

పండుగ ముందురోజు మధ్యాహ్నం పటేలు జీతగాడు కబురు తెచ్చాడు. నలుగురూ ఒప్పుకోలేదట. పటేలు చాలా చెప్పి చూశాడట. గంప మాత్రం తెల్లవారేసరికి బొడ్రాయి దగ్గర సిద్ధంగా ఉంటుందట. జీతగాడు ఇంత కబురూ నేల చూపులతో చెప్పి పోయాడు.

సంగయ్య పెదనాయన మనుమడు క్రాంతి కుమార్‌కు ఆటో ఉంది. జహీరాబాద్ బస్టాండుకూ ఊరికీ మధ్య తోలుతాడు. అతను విని మండిపడ్డాడు. ఠాణాకు పోదాం, కేసు పెడదాం, ఆడపిల్లను పరీక్షకు పోనివ్వకపోవడం ఏ చట్టంలో ఉందో అడుగుదామన్నాడు. చట్టం అతని వైపే ఉంది, సందేహం లేదు. కానీ పరీక్ష తెల్లవారితేనే. కేసు తేలేసరికి గ్లోరీకి ఉరికే వయసు ఉంటుందా అన్నది సంగయ్య అనుమానం. గంప ఎత్తనని మొరాయిద్దామంటే, పొలి ఆగిన పాపం వాడ మొత్తం మీద పడుతుంది. గ్లోరీ బూట్లు విప్పి మూలకు విసిరింది. నేను పోను, నా వల్ల ఎవరూ మాట పడొద్దంది. అంటూనే ఏడ్చింది. నెలల తరబడి చీకటితో లేచిన ప్రతి పొద్దూ ఆ ఏడుపులో ఉంది.

సంగయ్య లేచి ఆ బూట్లు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"పొద్దుగాల తయారై తుమ్మచెట్టు కాడ నిలబడు. క్రాంతీ, నువ్వు ఆటో వాడ ఎనుక వెట్టు. ఎందుకని అడగకుండ్రి."

క్రాంతి కుమార్‌కు అర్థం కాలేదు. చిన్నాయన పటేలు దగ్గర ఏదో మాట తెచ్చుకున్నాడనుకొని సరేనన్నాడు. గ్లోరీకి అర్థమైంది. నాయన ముఖం చూసిన క్షణమే అర్థమైంది. వద్దనాలని నోటి దాకా వచ్చింది. ఆ మాట అంటే నాయన ఆగిపోతాడేమోనని భయం వేసింది. అందుకని అర్థం కానట్టే బూట్లు తీసుకొని తాళ్ళు సరిచేసుకుంది.

తూరుపు తెల్లబడుతుండగా డప్పులు మొదలయ్యాయి. ఒంటి నిండా పసుపు, నడుముకు వేపమండలు కట్టి సంగయ్యకు గంప ఎత్తారు. ఆయన వెనక కర్రలు పట్టుకొని ఊరి పడుచువాళ్ళు. ఇవన్నీ గ్లోరీ చూడలేదు. తుమ్మచెట్టు కింద సంచీ భుజాన వేసుకొని నిలబడి, డప్పు చప్పుడు ఎటు పోతుందో వింటూ ఉంది. రేవు దగ్గర కొంచెంసేపు నిలిచింది. చెరకు వైపు సన్నబడింది. నీళ్ళలో దిగే చోట ఆగిపోయినట్టే అనిపించింది. మళ్ళీ వినపడింది.

చుట్టు ముగిసేది అక్కడే కాబట్టి ఇంద్రసేన పటేలు, మరో నలుగురు పెద్దలు కొత్త తువ్వాళ్ళు వేసుకొని రోడ్డు మీద నిలబడి ఉన్నారు. వాడవాళ్ళు గుమ్మాల ముందు నిలబడి చూస్తున్నారు. పొలి తమ ఇళ్ళ వెనకగా పోతుందని ముసలివాళ్ళు అటువైపు కోళ్ళను బుట్టల కింద కమ్మేశారు. గ్లోరీని చూసి పటేలు కనుబొమ్మలు ఎత్తాడు గానీ ఏమీ అనలేదు. గీత పడేది ఆమె వెనక కదా, ఎటు పోతుంది.

సంగయ్య కనపడ్డాడు. కుంటుతున్నాడు. మోచేతుల దాకా నెత్తురు ఎండి నల్లబడింది. పొలి, ఓ పొలి అని గొంతు చించుకుంటూ, గంపలో చెయ్యి ముంచి చల్లుకుంటూ వస్తున్నాడు. అడుగులు చిన్నగా వేస్తున్నాడు. నోటితో గాలి పీలుస్తున్నాడు. చెట్టు దగ్గరికి వచ్చి, వాడ వెనక బాట వైపు చూడను కూడా చూడకుండా, ఊరివైపు తిరిగాడు.

వెనక వస్తున్న పడుచువాళ్ళు ఒక్కసారిగా నిలబడిపోయారు. ఒకడు నోరు తెరిచాడు. పక్కవాడు వాడి నోరు మూశాడు. గంప ఎత్తినవాణ్ణి పిలిస్తే పిలిచినవాడికే చేటు. పటేలు చెయ్యి పైకి లేచి, గాలిలో ఆగి, మెల్లగా దిగింది. సంగయ్య వాడ మొదటి ఇంటికీ ఊరి చివరి ఇంటికీ నడుమగా, సిమెంటు రోడ్డుకు అడ్డంగా, నల్లా గద్దె ముందు నుంచి ఉరికాడు. పసుపు జొన్నలు సిమెంటు మీద పడి ఎగిరాయి. ఆయన గ్లోరీకి చెయ్యి చాపితే అందేంత దగ్గరగా పోయాడు. కన్నెత్తి చూడలేదు. పచ్చినెత్తురు వాసన ఆమె ముఖానికి కొట్టింది.

గీత కలిసింది. వాడ అవతల పడింది.

ఎవరూ అరవలేదు. పటేలు ముఖంలో కోపం కోసం వెతికింది గ్లోరీ, కనపడలేదు. ఆ సంగతి ఆలోచించేంత వ్యవధి అప్పుడు లేదు. వెనక్కి తిరిగి ఆటో దాకా ఉరికింది.

దారి పొడుగునా క్రాంతి కుమార్ అద్దంలో ఆమెను చూస్తూ తోలాడు. చిన్నాయన ఏం చేసిండో నీకు ముందే తెలుసా అని హైవే ఎక్కేటప్పుడు ఒక్కసారి అడిగాడు. గ్లోరీ లారీలను చూస్తూ కూర్చుంది. అతను రెండోసారి అడగలేదు. బస్టాండులో దింపి, సాయంత్రం వస్తానని గానీ రానని గానీ చెప్పకుండా ఆటో తిప్పుకొని పోయాడు.

సంగారెడ్డి గ్రౌండులో పరుగు సమయం లెక్కగట్టే చిప్పు కాలికి కట్టి వరసలో నిలబెట్టారు. ఆమె గుంపులో హైదరాబాద్ కోచింగులో చదివిన పిల్లలు ఉన్నారు, ఖరీదైన బూట్లు, ఒంటికి అతికిన బట్టలు. విజిలు ఊదగానే వాళ్ళు ముందుకు దూసుకుపోయారు. గ్లోరీ తన అడుగు తను వేసింది. గట్టి నేల మీద కాళ్ళు తేలాయి. సగం తిరిగేసరికి ముందున్నవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి రాసాగారు. ఆఖరి మలుపులో ఆమెకు నాయన ఆ బాట మలుపు తిరగడమే కనపడింది. దాన్ని తప్పించుకోవడానికే అన్నట్టు ఉరికింది. గీత దాటాక గడియారం చూసిన ఆడపోలీసు భుజం తట్టి, ఎక్కడ ప్రాక్టీసు చేశావని అడిగింది. ఏటి ఒడ్డున అని చెప్పింది గ్లోరీ. మిగతా రెండు అంశాలు, లాంగ్‌జంపు, షాట్‌పుట్ కూడా గడిచాయి. పాసైంది. బయటికొచ్చి గోడ వారగా కూర్చొని, ఎవరూ లేరని చూసుకొని, చాలాసేపు ఏడ్చింది. అది సంతోషమేనని తనకు తాను చెప్పుకుంది.

జహీరాబాద్‌లో దిగి క్రాంతి కుమార్‌కు ఫోను చేస్తే ఎత్తలేదు. ఇంకొకరి ఆటోలో ఊరి మలుపు దాకా వచ్చి అక్కడి నుంచి నడిచింది. పొద్దు వాలుతోంది. అవతల ఊళ్ళో మైకు, వంటల పొగ, చుట్టాల సందడి. వాడలో చప్పుడు లేదు. నల్లా గద్దెకు ఇవతల, పసుపు జొన్నల గీతకు ఇవతల, ఖాళీ బిందెలు వరసగా పెట్టి ఉన్నాయి. ఆడవాళ్ళు వాటి పక్కన కూర్చొని ఉన్నారు. పాసైనా అని చెప్పడానికి గ్లోరీ నోరు తెరిచింది. ఒక్కరూ తల తిప్పలేదు.

ఇంట్లో సంగయ్య పడుకొని ఉన్నాడు. మోకాలు ఇంత లావున వాచింది. నారమ్మ ఉప్పు మూటతో కాపడం పెడుతోంది. పాసైనా నాయనా అంది గ్లోరీ. మంచిదన్నాడు ఆయన, గోడ వైపు తిరిగి. మిగతాది నారమ్మ చెప్పింది. పొద్దున పొలి కాగానే ఊరి ట్యాంకు దగ్గర వాడ లైనుకు నీళ్ళు కట్టేశారు. బయటివాళ్ళు ఇవాళ లోపలికి రాకూడదు కదా అన్నారు. ఒక్కరోజే కదా అని వాడవాళ్ళు ఊరుకున్నారు. మధ్యాహ్నానికి ముసలివాళ్ళకు గుర్తొచ్చింది, పొలి గీత ఒక్కరోజుది కాదని. అప్పటి నుంచి ఈ గుమ్మం ఎవరూ తొక్కలేదు.

"ఇట్లయితదని నీకెరుకేనా నాయనా?" అంది గ్లోరీ. అడగకుండా ఉండలేకపోయింది.

"మా నాయన కొడుకును గదనే. నాకెరుక లేకుంటదా."

మర్నాడు సూర్యుడు పొడవగానే కట్టు విడిచారు. ఆడవాళ్ళు బిందెలతో లేచారు. ఇంద్రసేన పటేలు తనే నడిచి వచ్చి గీతకు అవతల నిలబడ్డాడు. ఎండిన జొన్నలు కాకులు తినగా సిమెంటు మీద పసుపు మరక మిగిలింది. ఆయన చెప్పు దాని మీద పడకుండా చూసుకున్నాడు. సంగయ్యను పిలవమన్నాడు. సంగయ్య గోడ పట్టుకొని వచ్చాడు. వాడంతా చుట్టూ చేరింది.

"సంగయ్యా, మీ నాయన నాటి సంది మేం నోటితోని అనలేని మాట నువ్వు కాళ్ళతోని అన్నవు. మాకు నీ మీద కోపం లేదు. సర్కారు లెక్కల మీరు ఊరోళ్ళే, ఓటు మీదే, రేషను మీదే. కూలికి రాండ్రి, పైసలు తీస్కోండ్రి. ఊరి నల్ల, ఊరి బాట, ఊరి పంచాయితీ గీత లోపలోళ్ళయి. మళ్ళ పొలి తిరిగిన్నాడు సూద్దం."

తర్వాత గ్లోరీ వైపు చూసి, పాసైనవా బిడ్డా అని అడిగాడు. ఔనంటే సంతోషమన్నాడు. ఆ సంతోషం అబద్ధం కాదు, అదే ఆమెకు చెంపదెబ్బ లాగా తగిలింది. ఇంక ఆగలేక గుంపులోంచి ముందుకు వచ్చింది.

"నాయన తప్పు లేదు పటేలా. అటుకెల్లి తిరుగుమని నేనే చెప్పిన."

"ఎవరు చెప్తేంది బిడ్డా, కాలు ఆయనది," అన్నాడు పటేలు. మెల్లగా తిరిగి పోయాడు.

వాడవాళ్ళు తిడతారని, మీదపడి కొడతారని గ్లోరీ అనుకుంది. కొట్టినా బాగుండుననిపించింది. వాళ్ళు ఎవరి బిందెలు వాళ్ళు తీసుకున్నారు. క్రాంతి కుమార్ ముసలివాళ్ళ బిందెలు ఆటోలో సర్దుతున్నాడు, మంజీర నుంచి నీళ్ళు తేవడానికి. గ్లోరీ పోయి అతని పక్కన నిలబడి, రాని మాటలు కూడబలుక్కొని చెప్పింది. నౌకరి వచ్చాక ఊరుకోనంది. కేసు తనే పెట్టిస్తానంది. ఈ గీతను తనే చెరిపిస్తానంది. అతను చివరి బిందె సర్ది, తాడు బిగించి, అప్పుడు ఆమె వైపు చూశాడు. అతని కళ్ళలో కోపం లేదు, అలసట ఉంది.

"నౌకరి వస్తది చెల్లె. ఎందుకు రాదు. నువ్వు వచ్చేసరికి ఈ గీత కాడ లొల్లి కూడ అయితది. నీళ్ళకు మేం అటు పోతం, వాళ్ళు కర్రలు వట్టుకొని అడ్డం వస్తరు. బందోబస్తుకు నిన్నే పంపుతరు. ఎటు మొకం వెట్టి నిలబడ్తవో ఇప్పటి సందే సోంచాయించుకో."

 ఆటో రేవు వైపు పోయింది. ఆడవాళ్ళు మిగిలిన బిందెలు చంకనెత్తుకొని దాని వెనక నడిచారు. అందరూ కొంచెం దూరం పోయేదాకా ఆగి, నారమ్మ ఇంట్లోంచి రెండు బిందెలు తెచ్చింది. ఒకటి కూతురి చేతిలో పెట్టి, ఆ గుంపును అందుకోకుండా జాగ్రత్తగా, మెల్లగా నడవసాగింది.